ఉయ్యాలలో పొత్రం

పెట్టె మూత తీయగానే చెదల మందు వాసన ముక్కుకు కొట్టింది. పిన్నమ్మ ఏడాదికి రెండుసార్లు ఆ పొడి చల్లేదట, లోపల ఏముందో మాత్రం ఒక్కసారీ చూడలేదట. "ఆయన కాగితాలు ఆయనియ్యి. పురుగు పట్టకుండా చూసేది నా పని, అంతే," అంది గుమ్మంలో నిలబడి. చిన్నాయన పోయి నాలుగు నెలలైంది. నేను ఆత్మకూరులో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. ఆయన పుస్తకాల్లో మాకు పనికొచ్చేవి ఏమైనా ఉన్నాయేమో వచ్చి చూడమని పిన్నమ్మ ఫోన్ చేస్తే శనివారం పొద్దున బస్సెక్కి ఉదయగిరి వచ్చాను. అది పైకి చెప్పిన కారణం. అసలు సంగతి వేరే ఉంది. సోమవారం నెల్లూరు డాక్టరమ్మకు మేమిద్దరం ఒక మాట చెప్పాలి. బిడ్డ కోసం రెండుసార్లు వైద్యం చేశారు, రెండుసార్లూ నిలవలేదు. మూడోసారి మొదలుపెట్టాలా, వద్దా? మా ఆయన మధు చేజర్లలో సర్వేయరు. గట్టు దగ్గర కొట్లాడుకునే ఇద్దరు రైతులకు నచ్చజెప్పగల మనిషి, ఈ మాట ఎత్తేసరికి "నీ ఇష్టం" అని కంచం తీసుకుని లేస్తాడు. నేనూ "మీ ఇష్టం" అంటాను. పొట్ట మీద సూదుల మచ్చలు పచ్చబడి ఉన్నాయి. బస్సు దిగి ఇంటి దాకా నడవడానికే అలిసిపోయాను.

పెట్టెలో అడుగున రెండు నోటు పుస్తకాలు నాడాతో కట్టి ఉన్నాయి. పైదాని మీద గుండ్రటి అక్షరాలు నావే. పన్నెండేళ్ల వయసులో చిన్నాయన నాటకానికి నేను చేసిన కాపీ అది. నాటకం పేరు 'మూడు వాకిళ్లు'. కిందిది చిన్నాయన సొంత కాపీ. నాడా విప్పకుండానే చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆ నాటకం చివరి నిమిషం గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

మా నాయనది మర్రిపాడు అవతల మెట్టపల్లె. వాన పడితే సజ్జ, పడకపోతే గొర్రెలు. ఆరో తరగతికి నన్ను తెచ్చి ఉదయగిరిలో చిన్నాయన ఇంట్లో పెట్టారు. కొండ కనబడే వాకిలి, నాలుగు గదులు, పెరట్లో రుబ్బురోలు. తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చేది ఆ రోలు చప్పుడుకే. అవ్వ, అంటే చిన్నాయన వాళ్లమ్మ, ఒక చేత్తో పొత్రం తిప్పుతూ ఇంకో చేత్తో పిండి తోస్తూ కూర్చునేది. ఇంట్లో మిక్సీ ఉన్నా, అందులో పిండి వేడెక్కుతుందని అవ్వ దాన్ని నమ్మేది కాదు. నానిన మినప్పప్పు వాసన, కిరోసిన్ స్టవ్ వాసన, పిన్నమ్మ జడలో కనకాంబరాలు. చిన్నాయన హైస్కూల్లో లెక్కల అయ్యవారు. ఇంట్లో రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. నీళ్లు కావాలంటే చెంబు చూపించేవాడు. చెప్పాల్సినవన్నీ కాగితం మీద పెట్టి నాటకాలు చేసేవాడు. నేనూ అంతే, మాట బయటికి రాదు, డైరీలోకి పోతుంది. ఒకే ఇంట్లో ఇద్దరు మూగవాళ్లను ఎట్టా వేగేదిరా దేవుడా అని అవ్వ రోటితో చెప్పుకునేది.

ఆయన చేతిరాత ఆయనకే అర్థమయ్యేది కాదు. అందుకని నాటకం రాత కాపీ చేసే పని నాకు పడింది. ఒక్కో పాత్రకు ఒక్కో చిన్న పుస్తకం. అందులో ఆ మనిషి మాటలు మాత్రమే ఉంటాయి, వాటికి ముందు ఎదుటివాళ్లు అనే చివరి రెండు మూడు మాటలు. మొత్తం నాటకం ఉండేది రెండు కాపీలే. ఒకటి రాసినాయన దగ్గర, ఒకటి తెర పక్కన నిలబడి మాటలు అందించే మనిషి దగ్గర. ఆ పని అంతకు ముందు ఒక కాంపౌండరు చేసేవాడు. ఆయన అందిస్తే ఆఖరి బెంచీ దాకా వినబడేది. జనం ఆర్టిస్టును వదిలి ఆయనకే చప్పట్లు కొట్టారని చెప్పుకునేవాళ్లు. అందుకే చిన్నాయన కన్ను నా మీద పడింది. "పాప గొంతు మూడడుగులు దాటదు. మనకు కావాల్సింది అదే," అన్నాడు. నా పిరికి గొంతు ఒక పనికి పనికొస్తుందని ఎవరైనా అనడం నా బతుకులో అదే మొదలు. పని ఎలా చేయాలో కూడా ఆయనే నేర్పాడు. ఆర్టిస్టు ఆగితే నేను ఒక్కొక్కటిగా మూడు వేళ్లు మడిచే దాకా ఆగాలి. అప్పటికీ మాట రాకపోతే మొదటి రెండు మాటలు అందించాలి. ఇంకా రాకపోతే మొత్తం చెప్పేయాలి.

'మూడు వాకిళ్లు' ఒకే వరసలో ఉన్న మూడు అద్దె ఇళ్ల కథ. మొదటి ఇంట్లో లారీ డ్రైవరు, అతని భార్య. మూడో కాన్పు వద్దంటుంది ఆమె, మగపిల్లవాడు పుట్టే దాకా ఆగేది లేదంటాడు అతను. రెండో ఇంట్లో కొత్తగా ప్రేమపెళ్లి చేసుకున్నవాళ్లు. అమ్మాయికి దూరం బదిలీ అవుతుంది. బిడ్డా ఉద్యోగమా తేల్చుకో అంటాడు మొగుడు, తేల్చుకుని ఒక్కతే బస్సెక్కుతుంది. మూడో ఇంట్లో హెడ్మాస్టరు, ఆయన భార్య. పెళ్లయి పదకొండేళ్లు, పిల్లలు లేరు. విడిపొమ్మని చుట్టాలు ఆయనను పోరు పెడుతుంటారు. చివరి సీనులో ఆ భార్య దూలానికి చీర ఉయ్యాల కట్టి ఖాళీగా ఊపుతూ ఉంటుంది. హెడ్మాస్టరు వచ్చి, "బిడ్డ లేకపోయినా ఇది ఇల్లే. దీనికి నువ్వుండావు, నేనుండాను," అంటాడు. తెర పడుతుంది. హెడ్మాస్టరు వేషం చిన్నాయనది.

అది ఎవరి కథో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. చిన్నాయనకూ పిన్నమ్మకూ పెళ్లయి అప్పటికి పదకొండేళ్లే. అవ్వ తమ్ముడు జలదంకిలో ఒక సంబంధం చూసి వచ్చాడు. "కాగితం రాయించుకుని ఆ పిల్లను పుట్టింటికి పంపితే సరిపోతుంది. గవర్నమెంటు ఉద్యోగం, ఎవురైనా ఇస్తారు," అని ఆయన మా వసారాలో కూర్చుని అన్నప్పుడు పిన్నమ్మ వంటింట్లో ఆయనకే టీ కాస్తోంది. నేను మధ్య గదిలో కాపీ రాస్తున్నాను. చిన్నాయన గోడ మీద క్యాలెండరు చూస్తూ ఉండిపోయాడు. అవ్వ తమ్ముడు వెళ్తూ, "నాటకం అయినాక ఏదో ఒకటి చెప్పు," అన్నాడు. ఆ మాటతో, ఆ చివరి వాక్యమే చిన్నాయన జవాబు అని నాకు తోచింది. పన్నెండేళ్ల పిల్లకు తోచిందంటే పిన్నమ్మకు తోచకుండా ఉంటుందా?

రిహార్సళ్లు సాయంత్రాలు మా వసారాలోనే. డ్రైవరు వేషం ఖాదర్ మామది. ఆయన చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కే మనిషి. వచ్చేటప్పుడు చొక్కా నిండా కర్రపొట్టు, ఆ వాసన రాత్రి అన్నంలోకి కూడా వచ్చేది. ఆడవేషాలకు నెల్లూరు నుంచి ఆర్టిస్టులు వచ్చేవాళ్లు. హెడ్మాస్టరు భార్య వేషం కట్టే విజయక్క మొదటి రోజే ఉయ్యాల దగ్గర మొండికేసింది.

"ఉత్త ఉయ్యాల ఊపితే ఇంటికి మంచిది కాదు సార్. నాకు ముగ్గురు పిల్లకాయలు ఉండారు."

"నాటకం గదమ్మా," అన్నాడు ఖాదర్ మామ.

"నువ్వు నాటకంలో తాగితే ఉత్త గ్లాసు. నేను ఊపేది మాత్రం నిజం ఉయ్యాల. నా వల్ల కాదు."

లోపలినుంచి అవ్వ పొత్రాన్ని చంకలో పెట్టుకుని వచ్చింది. మా వైపు పేరు పెట్టే రోజున బిడ్డకంటే ముందు పొత్రాన్ని కడిగి, పసుపు రాసి, గుడ్డ చుట్టి ఉయ్యాలలో పడుకోబెడతారు. ఆ రాయంత గట్టిగా బిడ్డ బతకాలని. "ఇదిగో, పడుకోబెట్టు. ఇంక ఉత్త ఉయ్యాల కాదు గదా," అంది అవ్వ. తర్వాత ఎవరి వైపూ చూడకుండా, "ఈ ఇంట్లో ఇంకే ఉయ్యాల ఎక్కుతుందిలే ఇది," అని గొణుక్కుంటూ లోపలికి పోయింది. వంటింట్లో గ్లాసులు కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది. ఆ రోజునుంచీ పొద్దున మాకు దోశలు, సాయంత్రం విజయక్కకు బిడ్డ, రెండూ ఆ రాయే. పిన్నమ్మే దాన్ని కడిగి, తుడిచి, పాత తుండుగుడ్డలో చుట్టి వసారాలో పెట్టేది. రిహార్సలు చూడడానికి మాత్రం ఒక్కరోజూ రాలేదు. చిన్నాయన కూడా చివరి మాట ఒక్కరోజూ సరిగా అనలేదు. అక్కడికి రాగానే లెక్క అప్పజెప్పినట్టు గబగబా, "బిడ్డ లేకపోయినా ఇది ఇల్లే, దీనికి నువ్వుండావు నేనుండాను, తెర," అనేసి కండువా దులుపుకునేవాడు. ఆ కాసేపూ వంటింట్లో గిన్నె కదిలేది కాదు.

నాటక పోటీలు ఆత్మకూరులో, ఒక కల్యాణ మండపంలో. మాది సాయంత్రం అయిదు గంటల ఆట. వ్యానులో అందరం పోయాం. అవ్వ, పిన్నమ్మ కూడా వచ్చారు. పిన్నమ్మ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని ముందు వరసలో అవ్వ పక్కన కూర్చుంది. నేను తెర పక్క చీకట్లో స్టూలు మీద నా పుస్తకం పెట్టుకుని ఉండగా ఖాదర్ మామ మీసం సగం అంటించుకుని వచ్చాడు. "పాపా, మీ చిన్నాయన పిలస్తా ఉండాడు. ఆఖరి పేజీలో ఏందో దిద్దుకోవాలంట. పుస్తకం తీసుకుని పో." సరేనని తల ఊపాను. మేకప్ గది తలుపు దాకా పోయాను కూడా. లోపల పదిమంది మగవాళ్లు బనియన్లతో, పౌడరుతో, సిగరెట్ పొగలో ఉన్నారు. ఒకాయన పంచె మార్చుకుంటున్నాడు. గడప దాటలేకపోయాను. ఏ అక్షరమో తప్పు పోయి ఉంటుందిలే, నాకు అంతా నోటికి వచ్చు కదా అనుకుని వెనక్కు వచ్చి స్టూలు పక్కన నిలబడ్డాను. బెల్లు మోగింది. చిన్నాయన అవతలి వైపునుంచి స్టేజీ ఎక్కాడు. నన్ను చూసి తల ఊపాడు. నేనూ ఊపాను. దిద్దుకున్నానని ఆయన అనుకున్నాడు.

నాటకం బాగా నడిచింది. ఖాదర్ మామ తూలితే జనం ఈలలు వేశారు. రెండో ఇంటి అమ్మాయి బ్యాగు సర్దుకుని పోయినప్పుడు ఆడవాళ్ల వరసల్లో ఎవరో, "మంచి పని చేసినావమ్మే," అని కేక వేశారు. చివరి సీను వచ్చింది. విజయక్క పొత్రాన్ని ఊపుతోంది. చిన్నాయన మెల్లగా వచ్చి ఉయ్యాల ఆపి, చీర ముడి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మాట లేదు. మూడు వేళ్లు మడిచాను. "బిడ్డ లేకపోయినా," అని అందించాను. ఆయన కదల్లేదు, చెయ్యి ముడి మీదే ఉంది. మళ్లీ అందించాను. ముందు వరసలో పిన్నమ్మ కనబడుతోంది. అవ్వ కనబడుతోంది. ఆయన మర్చిపోయాడు, ఇప్పుడు ఈ మాట రాకపోతే పిన్నమ్మను పంపించేస్తారు. నా బుర్రలో ఇంకేం లేదు. మూడడుగులు దాటని నా గొంతు ఎక్కడినుంచి వచ్చిందో, "బిడ్డ లేకపోయినా ఇది ఇల్లే, దీనికి నువ్వుండావు నేనుండాను!" అని అరిచేశాను. నా నెత్తిన వేలాడుతున్న మైకు దాన్ని హాలంతా వినిపించింది. జనం నవ్వేశారు. "పాప చెప్పింది గదయ్యా సారూ, అందుకో!" అన్నారు ఎవరో. చిన్నాయన చెయ్యి ముడి మీదనుంచి జారింది. నాటకంలో ఆఖరి మాట వినబడింది కదా అని తెర లాగే మనిషి తెర లాగేశాడు.

బహుమతి రాలేదు. చిన్నాయన నన్ను తిట్టలేదు. వ్యాను ఎక్కేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి, "గొంతు ఉండాది పాపా నీకు," అన్నాడు, అంతే. పిన్నమ్మ దారంతా కిటికీలోనుంచి చూస్తూ కూర్చుంది. ఒళ్లో తుండుగుడ్డ చుట్టిన పొత్రం. గతుకులొచ్చినప్పుడల్లా దాన్ని రెండు చేతులా పట్టుకునేది. ఇంటికొచ్చి నేను డైరీలో, 'చిన్నాయన మాట మర్చిపోయాడు. నా తప్పేం లేదు,' అని రాసుకున్నాను. మేకప్ గది సంగతి రాయలేదు. జలదంకి మాట మళ్లీ వినబడలేదు. ఎందుకు ఆగిపోయిందో నాకు తెలియదు, ఆ ఇంట్లో అడగగలిగినవాళ్లూ లేరు. తర్వాత పంతొమ్మిదేళ్లు వాళ్లిద్దరూ ఆ ఇంట్లోనే ఉన్నారు. చిన్నాయన ఇంకో నాటకం రాయలేదు.

ఇవన్నీ తలచుకున్నాక నాడా విప్పాను. చిన్నాయన కాపీ తీసి చివరి పేజీ తిప్పాను. నేను అరిచిన వాక్యం మీద ఎర్ర సిరాతో రెండు గీతలు ఉన్నాయి. దాని కింద ఆయన రాతలో కొత్తగా నాలుగు వరసలు. కూడబలుక్కుని చదివేసరికి చాలాసేపు పట్టింది. 'మాట్లాడడు. ఉయ్యాల చీర ముడి విప్పుతాడు. పొత్రం తీసి రోటి పక్కన పెడతాడు. చీర మడిచి ఆమె భుజాన వేస్తాడు. ఇద్దరూ గడప మీద కూర్చుంటారు. తెర.' పక్కన అంచులో చిన్నగా, 'పాపకు చెప్పాలి.'

ఆ పుస్తకం పట్టుకుని పెరట్లోకి పోయాను. పిన్నమ్మ చేటలో కందిపప్పు ఏరుతోంది. ఆమె కళ్లజోడు పెట్టుకుని చదవబోయి, "ఈ గీతలు నాకేం తెలుస్తాయే, నువ్వే చదువు," అంది. చదివాను. మేకప్ గది గడప దగ్గర వెనక్కు తిరిగిన సంగతి కూడా చెప్పాను. ఎవరికైనా చెప్పడం అదే మొదటిసారి. పిన్నమ్మ చేట కింద పెట్టింది.

"అయితే ఆయన మర్చిపోలా."

"లేదు పిన్నమ్మా."

"నోరు పెగలక నిలబడిపోలా."

"లేదు. ముడి విప్పబోయాడు. నేనే చెడగొట్టాను."

పిన్నమ్మ రోలు వైపు చూసింది. పొత్రం ఇప్పుడు పెరటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డంగా పెట్టి ఉంది. "అంతమంది ముందర ఆ మాట అనలేకపోయినాడని అనుకున్నానమ్మే. జలదంకోళ్లే వద్దన్నారేమో, అందుకే నేను మిగిలినానేమో అని. ఆ పిల్ల ఎవురో ఏమో, మొఖం కూడా చూడలేదు, పంతొమ్మిదేళ్లు తిట్టుకున్నా పాపం." నవ్వబోయింది, నవ్వు సగంలో ఆగిపోయింది. "మాట్లాడడు అని ప్రత్యేకం రాసుకోవాల్నా ఈయన? వేరే ఏమన్నా వచ్చా? మర్నాడన్నా ఇంట్లో నాతో ఒక ముక్క అనుంటే ఏం పోయేది?"

నన్ను క్షమించమని అడగాలనుకున్నాను, ఆమె ముఖంలో నా మీద కోపం కనబడలేదు. అలసట కనబడింది, నాలో ఉన్నటువంటిదే. కొంగుతో కళ్లజోడు తుడుచుకుని, "సోమవారం చెప్పాలన్నావే. మీ ఆయన ఏమంటాడు?" అని అడిగింది.

"నీ ఇష్టం అంటాడు."

"నువ్వు?"

"మీ ఇష్టం అంటాను."

"బాగుండాది. ఇద్దరూ నోరు మూసుకుని నిలబడితే పక్కన నిలబడి అందించేదానికి ఎవురు ఉండారే మీకు?"

ఆ మాట మీదే ఆ సాయంత్రం గడిచింది. అప్పట్లో బిడ్డ సంగతి వసారాలో మేనమామలు తేల్చేవాళ్లు, వంటింట్లో ఉన్న మనిషిని అడిగేవాళ్లు కాదు. ఇప్పుడు మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి అడుగుతున్నారు. రిపోర్టులు ఫోనుకు వస్తాయి, ఏ రోజు ఏ సూదో ఫోనే గుర్తు చేస్తుంది, నిర్ణయం పూర్తిగా మీదే అంటుంది డాక్టరమ్మ. అంత స్వేచ్ఛ ఇచ్చినా మేము చేస్తున్నది చిన్నాయన చేసిందే, గోడ మీది క్యాలెండరు చూడడం. ఆయన కనీసం కాగితం మీద పెట్టాడు. నా డైరీలో గత ఆరు నెలలుగా మందుల పేర్లు తప్ప ఏమీ లేవు.

ఆదివారం మధ్యాహ్నం మధు నన్ను తీసుకుపోవడానికి బండి మీద వచ్చాడు. పిన్నమ్మ వద్దంటున్నా వినకుండా పొత్రాన్ని సంచిలో పెట్టి ఇచ్చింది. తలుపుకు ఇంకో రాయి దొరుకుతుందిలే అంది. పుస్తకాలేవీ నేను తీసుకోలేదు. చిన్నాయన కాపీని పిన్నమ్మ తన దిండు కింద పెట్టుకుంది.

ఊరు దాటాక ఎండ, రెండు వైపులా బీడు. బండి వెనక కూర్చుంటే ముందున్న మనిషి చెవికి మూడడుగుల దూరం కూడా ఉండదు. "నాకింక వద్దు," అన్నాను. రెండు మాటలే. ఆయన ఏమీ అనలేదు. అప్పుడు మొత్తం చెప్పాను. "ఈ సూదులు ఇంక నా వల్ల కాదు. మనం ఇద్దరమే ఉన్నా నాకు అది ఇల్లే. మీకు కాదనిపిస్తే ఆ మాట ఇప్పుడే చెప్పండి."

మధు బండి రోడ్డు పక్కకు తీసి ఆపాడు. వెనక్కు తిరగలేదు. ఒక వేలు మడిచాను. రెండో వేలు మడిచాను. ఈసారి ఎంతసేపైనా ఇంకేమీ అందించకూడదనుకున్నాను.

"రేపు డాక్టరమ్మకు నేను ఫోన్ చేస్తాను," అన్నాడు. "ఆర్నెల్లనుంచి నువ్వు ఆ మాట అంటావేమోనని చూస్తున్నా. నేనంటే నీకు ఆశ లేకుండా చేసినట్టు ఉంటుందని అనలేదు." బండి అద్దంలో నా వైపు చూసి, "ఏం చెప్పమంటావో ఇంకోసారి చెప్పు, తడబడకుండా చెప్తా," అన్నాడు.

అప్పుడే ఒక లారీ మమ్మల్ని దాటుకుంటూ పోతోంది. అందుకని గట్టిగానే చెప్పాను.